పేరు లేని వార్డుకు ప్రథమ బహుమతి

మా రేవుగట్టుపాలెం పురపాలక సంఘంలో వార్డులు ముప్పై ఒకటి. ముప్పై రెండో వార్డును నేను పుట్టించాను. కావాలని కాదు. మూడు రోజుల శిక్షణలో నేర్చుకున్న విద్యతో, ఒక మంగళవారం మధ్యాహ్నం, భోజనం చేసి వచ్చి, కునుకు ఆపుకుంటూ పుట్టించాను.

నా పేరు సత్యలింగం. గణాంకాల సీటులో ఇరవై రెండేళ్లుగా ఉన్నాను. ఈ సీటు కోసం ఎవరూ పైరవీ చేయరు. అందుకే ఇంతకాలం నిలిచాను. నా బతుకు నేను బతుకుతుండగా, మా కమిషనరు ఆదిశేషయ్యగారు రాజధానిలో ఏదో సదస్సుకు వెళ్లి, 'డేటా ఆధారిత పాలన' అనే మాట పట్టుకొచ్చారు. అప్పటినుంచి ఆయన ఎండగా ఉంది అనడం మానేశారు. 'ఎండకు సంబంధించిన సూచిక అధికంగా నమోదవుతోంది' అంటున్నారు. తన గదిలో గోడకు మంచమంత తెర ఒకటి బిగించారు.

"కళ్లతో చూసి చెప్పడం పాత పద్ధతి, లింగంగారూ. ఇకమీదట తెర మీద చూసి చెప్పాలి," అన్నారు.

తెర మీదికి మొట్టమొదట ఎక్కినవి అంగన్‌వాడీలు. ఊళ్లో చిన్నపిల్లల జాబితాలు రెండున్నాయి. ఒకటి మా జనన రిజిస్టరు. ఈ ఊళ్లో పుట్టిన ప్రతి బిడ్డ పేరు, పురుడు పోసుకున్న ఇల్లు ఏ వార్డో అందులో ఉంటుంది. రెండోది అంగన్‌వాడీ టీచర్లు రాసుకునే పేర్ల పుస్తకం. సెంటరుకు వచ్చే ప్రతి బిడ్డ పేరు, వాళ్లు కాపురముండే వార్డు అందులో ఉంటుంది. రెండింటినీ కలిపి, ఏ వార్డులో ఎంతమంది పిల్లలున్నారు, ఎంతమంది సెంటరుకు వస్తున్నారు అన్నది తేల్చాలి. పదిహేను మందికి తక్కువ వచ్చే సెంటరును పక్క వార్డులో కలిపేయాలి. ఇదీ ఆజ్ఞ.

శిక్షణలో మాకు ఎస్‌క్యూఎల్ అనే కంప్యూటరు భాష చెప్పారు. అందులో జాబితాలు జోడించడానికి పద్ధతులు చాలా ఉన్నాయి. రెండింటిలోనూ ఉన్నవాళ్లనే తీసుకునేది ఒకటి. ఒక జాబితాకే పెద్దపీట వేసేది ఇంకొకటి. ఇందులో ఉన్నా సరే, అందులో ఉన్నా సరే, అందరినీ తీసుకునేది మరొకటి. నాకు ఈ చివరిది నచ్చింది. పసిపిల్లల విషయం, ఒక్కరు కూడా జారిపోకూడదు కదా. అందరినీ కలిపేసి, వార్డుల వారీగా మొత్తం కట్టమన్నాను. వార్డు పేరు ఏ జాబితాలోంచి తీసుకోవాలా అని పెద్దగా ఆలోచించలేదు. జనన రిజిస్టరు మా సొంత రిజిస్టరు, దస్తూరి బాగుంటుంది. అందులోంచి తీసుకున్నాను. నేను చేసిన పాపం ఇంతే.

తెర మీద పట్టిక వచ్చింది. అన్నిటికంటే పైన, వార్డు పేరు ఉండాల్సిన చోట ఏమీ లేని వరస ఒకటుంది. జననాలు సున్నా. పిల్లలు నాలుగు వందల పన్నెండు. సెంటరుకు వస్తున్నవారు నాలుగు వందల పన్నెండు. హాజరు నూటికి నూరు.

ఆదిశేషయ్యగారు కుర్చీలోంచి లేచి తెర దగ్గరికి వెళ్లారు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశారు.

"ఇది ఏ వార్డు?"

"పేరు లేదండి."

"పేరు లేకపోవచ్చు. పనితీరు ఉంది," అన్నారు. అదే రోజు నివేదిక పైకి పంపించేశారు.

నాలుగో రోజున నా సీటు దగ్గరికి వీరవేణి వచ్చింది. పదమూడో వార్డు అంగన్‌వాడీ టీచరు. రైస్‌మిల్లు వెనక వీధిలో పదకొండేళ్లుగా ఆ సెంటరు నడుపుతోంది. ఒక చేతిలో మెమో, ఒక చేతిలో తన పేర్ల పుస్తకం. కుర్చీ చూపించినా కూర్చోలేదు. అది మంచి లక్షణం కాదని నాకు అనుభవం మీద తెలుసు.

"లింగంగారండీ, ఇది మీ సీటునుంచే వచ్చిందంట కదండీ. ఓసారి మీరే చదివెట్టండి," అంది.

చదివాను. 'మీ వార్డు పరిధిలో జన్మించిన ఇరవై ముగ్గురిలో ఆరుగురు మాత్రమే సెంటరుకు హాజరగుచున్నట్లు గమనించడమైనది. తక్కిన పదిహేడుగురు ఎక్కడ ఉన్నదీ మూడు రోజుల్లోగా తెలుపవలెను. హాజరు పదిహేనుకు తక్కువ కావున, మీ సెంటరు ఈ నెల ముప్పయ్యవ తేదీన మూసివేసి, పద్నాలుగో వార్డులో విలీనం చేయబడును.'

"ఆ పదిహేడుమందీ పురిటికొచ్చిన ఆడపిల్లల బిడ్డలండి. అయిదో నెల రాగానే అత్తారిళ్లకెళ్లిపోయారు. ఒకడు తునిలో ఉన్నాడు. ఒకత్తి హైదరాబాదులో ఉంది. రోజూ బస్సెట్టి తెప్పించమంటారా?" అంది వీరవేణి.

"మరి వచ్చేది ఆరుగురే అని ఉంది కదమ్మా."

పుస్తకం నా బల్ల మీద పెట్టింది. "ముప్పై నలుగురండి. రేపు పదిగంటలకొచ్చి మీరే తలలు లెక్కెట్టుకోండి. గుడ్డు పంచేటప్పుడొస్తే ఒక్కడూ కదలడు."

ఆమె గొంతు తగ్గించింది. "పద్నాలుగో వార్డు బైపాస్ అవతలుందండి. ఇసుక లారీలు ఎలా పోతాయో మీకు తెలీదా. వీళ్ల అమ్మలు ఏడింటికల్లా మిల్లుకెళ్లిపోతారు. మూడేళ్లోళ్లు ఆ రోడ్డెలా దాటతారండీ? నాకు భయమేస్తోందండి."

నిజం చెప్పొద్దూ, నాకూ భయమేసింది. ఆమెను అక్కడే ఉంచి, ఆ పేరు లేని వరస తెరిచి, అందులో పిల్లల పేర్లు ఒక్కొక్కటీ చూశాను. వీరవేణి పిల్లలు ఇరవై ఎనిమిది మంది అందులో ఉన్నారు. పేరు ఉంది, తల్లి పేరు ఉంది, టీచరు పేరు ఉంది. జనన రిజిస్టరులోంచి రావాల్సిన వార్డు మాత్రం లేదు.

"ఈ పిల్లలు ఎక్కడ పుట్టారమ్మా?"

"ఎక్కడ పుడతారండీ, అమ్మమ్మగారి ఊళ్లో. కాన్పుకి పుట్టింటికెళ్లకుండా ఎవరుంటారు? మీ ఆవిడ ఎక్కడికెళ్లిందేటి?"

మా ఆవిడ మండపేట వెళ్లింది. మా ఇద్దరు పిల్లలూ అక్కడే పుట్టారు. అప్పుడు తట్టింది నాకు. ఈ ఊరికి కోడళ్లుగా వచ్చినవాళ్లంతా పురిటికి పుట్టింటికి వెళ్లారు. ఆ పిల్లల పేర్లు ఆయా ఊళ్ల రిజిస్టర్లలో ఉన్నాయి. మా రిజిస్టరులో లేవు. లేనిచోట ఆ భాష ఖాళీ పెడుతుంది. దాన్ని నల్ అంటారు. ఈ ఖాళీ, ఆ ఖాళీ ఒకటేనా అని అడిగితే యంత్రం ఒప్పుకోదు, నాకేం తెలుసు అంటుంది. అదే యంత్రాన్ని వర్గాలుగా చేసి లెక్క కట్టమంటే, ఖాళీలన్నిటినీ ఒకే కుప్పగా పోసేస్తుంది. అలా ఊళ్లో ముప్పై ఒక్క వార్డుల కోడళ్ల పిల్లలూ కలిసి ఒక వార్డయి కూర్చున్నారు. వాళ్లంతా అంగన్‌వాడీ పుస్తకంలోంచి వచ్చినవాళ్లే కాబట్టి హాజరు నూటికి నూరు కాక ఎంతవుతుంది?

దిద్దుబాటు ఒక్క ముక్క. ఈ జాబితాలో వార్డు లేకపోతే ఆ జాబితాలో చూడమని చెప్పాలి. వీరవేణి పుస్తకంలో ఇంటి వార్డు రాసే ఉంది. "మీరు వెళ్లండమ్మా, సాయంత్రానికి సరిచేస్తాను," అని మాటిచ్చాను. ఇరవై రెండేళ్ల సర్వీసు చేసిన మనిషి ఇవ్వకూడని మాట అది.

కమిషనరుగారి గదికి వెళ్లి, లెక్కలో తప్పు నేనే చేశానని నోటు రాసి బల్ల మీద పెట్టాను.

"తప్పు అనే పదం ఫైలులో వాడకండి. అది ఒకసారి ఫైలులోకి వస్తే బయటికి పోదు," అంటూ ఆయన నా నోటు పక్కకు జరిపి, ఇంకో కాగితం నా ముందుకు తోశారు. పైనుంచి వచ్చిన ఉత్తరం. పేరు లేని వార్డును రాష్ట్రస్థాయి ఆదర్శ వార్డుగా ఎంపిక చేశారు. ప్రథమ బహుమతి. ఇరవై ఎనిమిదో తేదీన జాయింట్ డైరెక్టరు స్వయంగా వచ్చి షీల్డు ఇస్తారు.

"ఒక్క కాన్పు కూడా లేకుండా నాలుగు వందల పన్నెండు మందిని పెంచుతున్న వార్డు రాష్ట్రంలో మరొకటి లేదని వారే రాశారు, చూడండి."

"ఇదీ లేదండి. అసలు ఆ వార్డే లేదు."

"ఉత్తరం ఉంది కదా," అన్నారు ఆదిశేషయ్యగారు.

ఆ ఉత్తరం మళ్లీ మొదటినుంచి చదివాను. ఆయన దాన్ని నా అంగీకారంగా నమోదు చేసి, ఆ వార్డుకు నన్ను ప్రత్యేకాధికారిగా వేశారు. రబ్బరు స్టాంపు చేయించమన్నారు. స్టాంపుల షాపతను 'ప్రత్యేకాధికారి', 'వార్డు' అన్న మాటల మధ్య ఏం రాయాలని రెండుసార్లు అడిగాడు. ఏమీ రాయొద్దని రెండుసార్లూ చెప్పాను. ఇంట్లో ఏదైనా సమస్యా సార్ అని మూడోసారి అడిగాడు.

ఆ తర్వాతి వారం, ముప్పై ఒక్క వార్డుల టీచర్లూ ఆదర్శ వార్డును సందర్శించి స్ఫూర్తి పొందవలెనని ఉత్తర్వు వచ్చింది. బస్సు మాట్లాడాం. డ్రైవరు ఎక్కడికండీ అన్నాడు. ఊరి చుట్టూ తిప్పమన్నాను. మూడుసార్లు తిరిగాం. రెండో చుట్టులో సమోసాలు పంచాం. దిగేటప్పుడు టీచర్లంతా 'ఆదర్శ వార్డును సందర్శించి విలువైన విషయాలు గ్రహించితిమి' అని సంతకాలు పెట్టారు. ఒక టీచరమ్మ మాత్రం, అక్కడి రోడ్లు అచ్చం మా వార్డు రోడ్లలాగే గతుకులుగా ఉన్నాయండి అని నా చెవిలో చెప్పింది.

నా నోటు వృథా పోలేదు. అందులో పుట్టింటి సంగతి రాశాను కదా, కమిషనరుగారు దాన్నే పట్టుకున్నారు. మూలకారణాన్ని తొలగించడమే పాలన అన్నారు. మర్నాటికి సర్క్యులరు తయారైంది. 'గణాంకాల పటిష్ఠత దృష్ట్యా, ప్రసవ నిమిత్తం పుట్టింటికి వెళ్లదలచిన గర్భిణులు ఏడవ నెల నిండక పూర్వమే పుట్టింటి ప్రయాణ అనుమతి పత్రము పొందవలెను.' పత్రానికి పదకొండు గడులు. భర్త సంతకం, అత్తగారి సంతకం, పురపాలక సంఘం సంతకం. పుట్టింటివారు, తామెందుకు పురుడు పోయదలచిరో సహేతుకంగా వివరించవలెను.

ఆ పత్రం పట్టుకుని ఒకే ఒక్కావిడ వచ్చింది. పురుడు పోయబోయే తల్లి. పామర్రునుంచి కూతుర్ని తీసుకెళ్లడానికి వచ్చిందట. పత్రం నా బల్ల మీద పెట్టి, "మా అమ్మాయిని మేం తీసుకెళ్లడానికి మీ సంతకం ఏటండీ? మీరేవన్నా కాన్పు చేస్తారా?" అంది. లేదండి అన్నాను. "పోనీ పథ్యం వండుతారా?" అది కూడా రాదన్నాను. "మరి కూర్చోండి," అని కూతురి చెయ్యి పట్టుకుని వెళ్లిపోయింది. నాకు చాలా హాయిగా అనిపించింది. పత్రం మీద 'విచారణ ముగిసినది' అని రాసి ఫైలు చేశాను.

ఇంతలో ఇరవయ్యో తేదీ వచ్చేసింది. వీరవేణి మళ్లీ వచ్చింది. ఈసారి కూర్చుంది. జరిగిందంతా చెప్పాను. దాచడానికి ఏముంది, ఇచ్చిన మాట నిలబెట్టుకోలేదని సిగ్గుగా ఉంది. ఆమె చెంగుతో ముఖం తుడుచుకుంది.

"అయితే లింగంగారూ, నా దగ్గరున్న ఇరవై ఎనిమిది మందీ ఆ పేరు లేని వార్డోళ్లే కదండీ?"

"కాగితం ప్రకారం అంతే."

"ఆ వార్డుకి సెంటరుందా?"

లేదు. నాలుగు వందల పన్నెండు మంది పిల్లలున్న వార్డుకు ఒక్క అంగన్‌వాడీ లేదు. ఎంత ఘోరం. ప్రత్యేకాధికారిగా నా రక్తం మరిగింది. ఆ పూటే ఫైలు పెట్టాను. పదమూడో వార్డు సెంటరు ఇరవై ఏడున మూసివేసి, ఖాళీ అయిన ఆ భవనంలోనే, ఖాళీ అయిన ఆ టీచరుతోనే, ఇరవై ఎనిమిదిన పేరు లేని వార్డు సెంటరు తెరవాలని ప్రతిపాదించాను. స్టాంపు వేశాను. ఫైలు సాయంత్రానికి సంతకమై వచ్చింది. బహుమతి సభ కూడా అక్కడే పెడదామని కమిషనరుగారు ఎర్రసిరాతో రాశారు. వీరవేణికి కబురు చేశాను.

ఆమె ఫోనులో నవ్వింది, ఆపైన అడిగింది. "మరి ఆ ఆరుగురో?"

ఆ ఆరుగురూ ఈ ఊళ్లోనే, పదమూడో వార్డులోనే పుట్టారు. వాళ్లకు వార్డు పేరుంది. పేరున్నవాళ్లకు పేరు లేని వార్డు సెంటరులో ప్రవేశం లేదు. నిబంధన ప్రకారం వాళ్లు బైపాస్ దాటి పద్నాలుగో వార్డుకు పోవాలి.

"ఊళ్లో పుట్టడం తప్పయిపోయిందండీ ఆరుగురికి," అంది వీరవేణి. ఆమె గొంతులో కోపం లేదు, బాధ ఉంది.

ఇరవై ఎనిమిదో తేదీ ఉదయం రైస్‌మిల్లు వెనక వీధిలో షామియానా వేశారు. కమిషనరుగారి గది గోడకు బిగించిన తెరను ఊడబీకి, కంప్యూటరుతో సహా ఆటోలో తెచ్చారు. గుమ్మం మీద కొత్త బోర్డు. 'వార్డు' అన్న మాటకు ముందు జానెడు ఖాళీ వదిలి, చుట్టూ బంతిపూల దండ వేశారు. ఇరవై ఎనిమిది మంది పిల్లలు లోపల చాపల మీద కూర్చున్నారు. ఆరుగురిని వీరవేణి గేటు దగ్గర, అడ్డంగా కట్టిన తాడుకు ఇవతల, వరసగా నిలబెట్టింది. కావాలనే నిలబెట్టింది.

జాయింట్ డైరెక్టరు స్నేహప్రభగారు కారు దిగగానే చూసింది వాళ్లనే.

"వీళ్లెవరు? బయటున్నారేం?"

"వారు పరిధిలోకి రానివారు, మేడమ్," అన్నారు ఆదిశేషయ్యగారు.

"ఈ ఊళ్లో పుట్టినోళ్లండి," అంది వీరవేణి. "అందుకని లోపలికి రానివ్వకూడదంటండి."

మేడమ్ ఆమెవంక చూసింది, నావంక చూసింది, లోపలికి వెళ్లింది. ముందు చాప మీదున్న పిల్లను, నువ్వెక్కడ పుట్టావమ్మా అని అడిగింది.

"అమ్మమ్మగారింట్లో."

పక్కవాణ్ణి అడిగింది. అమ్మమ్మగారింట్లో. ఆ పక్కవాణ్ణి అడిగేలోగా చాపల మీది పిల్లలంతా పాఠం అనుకుని ఒక్క గొంతుతో అమ్మమ్మగారింట్లో అని అందుకున్నారు. వీరవేణి చెయ్యెత్తితేగానీ ఆపలేదు.

"ఆదిశేషయ్యగారూ, మీరెక్కడ పుట్టారు?"

"మాతామహుల స్వగ్రామంలో, మేడమ్."

"నేనూ అంతే. అయితే మనిద్దరం కూడా ఈ పేరు లేని వార్డువాళ్లమే. మనం లోపలున్నాం, ఆ ఆరుగురు బయటున్నారు. ఈ లెక్క ఎవరు కట్టారు?"

"నేనేనండి," అన్నాను. ఎవరూ అడ్డుపడేలోపు మొత్తం చెప్పేశాను. తప్పు అన్న మాట మూడుసార్లు వాడాను. ఆదిశేషయ్యగారు మూడుసార్లూ కళ్లు మూసుకున్నారు.

మేడమ్ అంతా విని, "దిద్దడానికి ఎంతసేపు?" అంది.

అక్కడే కూర్చుని దిద్దాను. పిల్ల కాపురముండే వార్డు అంగన్‌వాడీ పుస్తకంలో చూడు, అక్కడ లేకపోతే జనన రిజిస్టరులో చూడు. మీట నొక్కాను. తెర మీద నాలుగు వందల పన్నెండు కాస్తా మూడయింది. ఒక్కొక్క వార్డులో అంకె పెరుగుతూ పోయింది. పదమూడో వార్డు ఎదురుగా హాజరు ముప్పై ఒకటి పడింది.

"పదిహేను దాటింది. మీ సెంటరుకు ఢోకా లేదు," అంది మేడమ్.

వీరవేణి తెరవంకే చూస్తోంది. "నాకు ముప్పై నలుగురండి."

"ముగ్గురికి రెండు జాబితాల్లోనూ వార్డు లేదమ్మా," అన్నాను.

"నేనే రాయలేదండి. ఏం రాయను? వాళ్ల నాన్న బాతులు మేపుతాడు. ఏ చేలో నీళ్లుంటే ఆ చేలో గుడిసేస్తాడు. పొద్దున్నే పిల్లల్ని నా దగ్గర దింపి పోతాడు. వాళ్లకి వార్డు లేదుగానీ ఆకలుంది కదండీ. ముప్పై ఒక్క గుడ్లొస్తే ఎవరికి మానమంటారు?"

ఆదిశేషయ్యగారు తల దించుకున్నారు.

"రెండుచోట్లా లేకపోతే, సెంటరు ఏ వార్డులో ఉందో అది రాయండి," అంది మేడమ్ నాతో. "అన్నట్టు, ఊరొదిలి వెళ్లిన పిల్లల్ని ఎగవేతదారుల్లా చూడకండి. ఆ పుట్టింటి సర్క్యులరు కూడా ఈ రోజుతో సరి."

మూడో ముక్క కూడా కలిపాను. పదమూడో వార్డుకు ముప్పై నాలుగు పడింది. పేరు లేని వరస తెర మీదనుంచి మాయమైంది. వీరవేణి వెళ్లి తాడు విప్పేసింది. ఆరుగురూ పరుగెత్తుకుంటూ వచ్చి చాపల మీద పడ్డారు. షీల్డు మీద వార్డు అన్నచోట ఎలాగూ ఏమీ చెక్కలేదు కాబట్టి, మేడమ్ ఒక పిల్లాడి స్కెచ్ పెన్ను అడిగి తీసుకుని, పదమూడు అని రాసి వీరవేణి చేతిలో పెట్టింది. నేనైతే చప్పట్లు గట్టిగా కొట్టాను.

రెండు రోజుల తర్వాత పై ఆఫీసునుంచి నాకు మెమో వచ్చింది. మేడమ్ పర్యటించిన సంగతి ఆ సెక్షనుకు ఇంకా చేరినట్టు లేదు. 'తమరి ప్రత్యేకాధికారమున ఉన్న ఆదర్శ వార్డు యొక్క జనాభా ఒక్క పూటలో నాలుగు వందల పన్నెండు నుండి శూన్యమునకు పడిపోవుటకు గల కారణములను, సదరు పిల్లలు ప్రస్తుతము ఎక్కడ ఉన్నదీ, మూడు రోజుల్లోగా సంజాయిషీ రూపమున తెలుపవలెను.'

ఇరవై రెండేళ్లలో నేను రాసిన సంజాయిషీలు చాలా ఉన్నాయి. సంతోషంగా రాసింది ఇదొక్కటే. కింద స్టాంపు కూడా వేశాను, ఆఖరిసారి.

'అయ్యా, పిల్లలందరూ ఎవరి ఇళ్లకు వారు వెళ్లిపోయారు.'